శుక్రవారం పొగ

ఎమ్మిగనూరు నేతగాళ్ళ సొసైటీ బ్యాంకులో
రెండో కౌంటరు నాది.
మొదటిది రుద్రముని సారుది.
ఆ ఏడు మా ఇద్దరి ముందూ
ఆదోని నుంచి ఆటోలో నిలువునా కట్టి తెచ్చి
అక్రిలిక్ అద్దాలు బిగించారు.
కింద అరచందమామ కోత:
పాసుబుక్కు పట్టేంత, చెయ్యి పట్టేంత.
మాట మాత్రం పట్టలేదు.

"ఏంది మేడమ్? ఇనపడల్యా" అంటూ
మాస్కు గడ్డం కిందికి లాగి
కోత దగ్గర నోరు పెట్టి అరిచేవాళ్ళు.
వంగలేని ముసలోళ్ళు
అద్దం పక్కగా వచ్చి నా చెవిలోనే అడిగేవాళ్ళు,
మగ్గం లోను ఇంకెంత ఉందని.

మేనేజరుకి ఏసీ మీద గురి.
దుమ్ము పడితే కంప్యూటర్లు పాడని
కిటికీలకు మేకులు కొట్టించాడు.
లోపలి గాలే లోపల తిరిగి
చల్లబడి మళ్ళీ మా మీదికే వచ్చేది,
ఒకరు విడిచిన చొక్కా
ఇంకొకరు తొడుక్కున్నట్టు.

రుద్రముని సారు పొద్దున్నే వచ్చి
స్పిరిటు చల్లి అద్దం తుడిచేవాడు.
ముందు తన వైపు, తర్వాత జనం వైపు.
"ఇది మన కోటగోడ తల్లీ" అనేవాడు.
ఆ గోడ ధైర్యంతోనే
నోట్లు లెక్కపెట్టేటప్పుడు మాస్కు దించేవాడు.
వేలికి తడి కావాలి కదా.

శుక్రవారం బడేసా తాత వస్తాడు.
పచ్చ తలపాగా, నిప్పుల మూకుడు, నెమలీకల కుంచె.
అంగడి అంగడికీ పొగవేసి
చివరికి మా మెట్లెక్కుతాడు.
ఆ రోజు చిటికెడు సాంబ్రాణి చల్లి విసిరితే
పొగ లేచి
నేరుగా సారు అద్దం దగ్గరికి పోయింది.
వరసలో మనిషిలా కాసేపు నిలబడింది.
తర్వాత పైకి పాకింది.
అంచు దగ్గర మెడ వంచి
అటు దిగింది,
నిమ్మళంగా,
సారు బట్టతల మీద, భుజాల మీద, నోట్ల కట్టల మీద.
కొంచెం అరచందమామలోంచి దూరింది.
కొంచెం పక్కనుంచి నా దగ్గరికొచ్చింది.
మిగిలింది ఏసీ అందరికీ పంచింది.

అందరమూ చూశాం.
సారు కళ్ళు మూసుకుని గుండెనిండా పీల్చి
పది రూపాయలు ఆ కోతలోంచే అందించాడు.
నేనూ పీల్చాను.
వాసన బాగుందనుకున్నాను.
అంతే అనుకున్నాను.

మూడో వారం కర్నూలు పెద్దాసుపత్రి నుంచి ఫోను.
మొదటి కౌంటరు మూసేశారు.
అద్దం మీద గీత కూడా పడలేదు.
ముప్పై ఏళ్ళు ఎవరి పద్దు వాళ్ళకు రాసిన మనిషి.
ఊపిరి ఒక్కటే ఉమ్మడి ఖాతా అని
ఆయనకూ తట్టలేదు, పక్కనే ఉన్న నాకూ తట్టలేదు.

గుడికల్లు నాగలింగమ్మ
అద్దాన్ని గోటితో టకటకలాడించి అంది:
"తుంపర్లు ఆపుతాదేమో మేడమ్.
గాలికేమి? పలక సుట్టూ తిరిగిపోయేదానికి
దానికి టోకెన్ కావల్లా?"

ఎవరూ మాట్లాడలేదు.
అటెండరు మద్దిలేటి మాత్రం
మధ్యాహ్నం ఇంటినుంచి సుత్తి తెచ్చాడు.
ఒక్కొక్క మేకూ ఊడి నేలమీద గణగణమంది.
పడమటి కిటికీ బిగిసిపోయి రాకపోతే
భుజం పెట్టి తోశాడు.
వడగాలి వచ్చింది, మగ్గాల చప్పుడు వచ్చింది,
ఎవరింట్లోనో మిరపకాయలు వేయించే ఘాటు వచ్చింది.
చలానాలు గదంతా ఎగిరాయి.
మేనేజరు కేకలేస్తే
"కాగితాలే కద సార్, ఏరుకుందాం" అన్నాడు.

అద్దం ఇప్పటికీ ఉంది. నేను దాన్ని తిట్టను.
ఎదురుగా తుమ్మితే చుక్కలు దాని మీదే పడతాయి,
తుడుస్తాను.
కానీ బడేసా తాత మూకుడు దించగానే
లెక్క ఆపి పొగను చూస్తాను.
పడమటి చువ్వలు దాటిపోతే
మళ్ళీ మొదటి నోటు నుంచి లెక్కపెడతాను.

కొన్ని శుక్రవారాలు ఆకు కదలదు.
పొగ పోయి
సారు కుర్చీ మీదే తారాడుతుంది.
అప్పుడు మద్దిలేటిని పిలుస్తాను.
వీధి తలుపు కూడా బార్లా తీసి
మూసుకోకుండా ఇటుక అడ్డం పెడతాడు.